ఏమీ పెట్టని షెడ్డు

పొద్దున ఆరున్నర. జూజా రెండో షెడ్డు గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి బూట్లు మార్చుకుంటోంది. ఒకటో షెడ్డుకి నల్ల బూట్లు, రెండో షెడ్డుకి తెల్ల బూట్లు, మధ్యలో మందునీళ్ళ తొట్టి. మడమ కూడా తడిసేదాకా పాదం ముంచి, అప్పుడు లోపల అడుగు పెట్టాలి. ఒక షెడ్డు రోగం ఇంకో షెడ్డుకి పాకకూడదని కోళ్ళ డాక్టర్ మెరెడిత్ పెట్టిన నియమం ఇది. డెబ్బై ఒకటో ఏట రోజుకి నాలుగుసార్లు కొంగలా నిలబడటం ఎంత కష్టమో జూజా ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ వేస్తారు. కుర్చీ వేసిన మర్నాడు, ఈ వయసులో నీకీ పని ఎందుకులే అంటారు.

బూట్లు తొడుక్కుని అటూ ఇటూ చూసింది. ఫారం యజమాని సాల్వు గుడ్లు సర్దే గదిలో ఉన్నాడు, రేడియో వినిపిస్తోంది. కోటు లోపల పొట్టకి అదిమిపెట్టిన దిండు గలీబుని ఒకసారి తడిమి చూసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

పెట్టలు ఆవిడ అడుగుల చప్పుడు గుర్తుపట్టి గోల చేస్తూ చుట్టూ మూగాయి. గుంపు మధ్యలో గబగబా నడిస్తే బెదిరి మూలకి పరిగెత్తి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. అందుకని జూజా పాదం ఎత్తకుండా నేల మీద ఈడుస్తూ నడుస్తుంది. గోడ వారన గలీబు మూతి విప్పి, లోపల ఉన్నది పిడికిలితో తీసి సన్నగా వరసగా చల్లుతూ పోయింది. తడిపిన గోధుమ తవుడు, అందులో ఎండబెట్టి నలిపిన తైమ్ ఆకు. వాము వాసన గుప్పుమంది. ఒకచోట కుప్పగా పోస్తే బలమైనవే తినేస్తాయి. గోడ పొడుగునా వేస్తే వెనకబడ్డ వాటికీ కాస్త దొరుకుతుంది.

ఒక పెట్ట మాత్రం మేత వదిలేసి ఆవిడ ఎడమచేతి ఉంగరాన్ని ముక్కుతో టకటకా పొడిచింది. దానికి రోజూ అదే పని.

"నీకు తిండి కన్నా బంగారం ముఖ్యమా? ఫో, తిను" అంది జూజా. చెయ్యి చాపితే రెక్కలు కాస్త విప్పి వంగి కూర్చుంది. గుడ్డు పెట్టే పెట్ట అలాగే కూర్చుంటుంది. వీపు మీద నాలుగు వేళ్ళు వేసి నిమిరింది. దానికి పేరు పెట్టలేదు. పేరు పెట్టిన కోడిని వండుకోలేం అనేవాడు లేలి, ఆవిడ మొగుడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు జూజా కోడి వండుకోవడమే లేదు, అయినా పేరు పెట్టడం లేదు.

తవుడు అయిపోయాక అసలు పని. నీళ్ళ గొట్టం పొడుగునా పెట్టలు పొడిచి తాగే ఒక్కో చుక్క మూతినీ వేలితో నొక్కి నీళ్ళు వస్తున్నాయో లేదో చూసింది. గూళ్ళ కింద చీకటి మూలల్లో వంగి, నేల మీద పెట్టిన గుడ్లు ఏరింది. అలా వంగినప్పుడే చచ్చినవి దొరికేది. ఇవాళ ఏవీ లేవు. తలుపు వెనక మేకుకి వేలాడే కాగితం మీద తారీఖు పక్కన సున్నా చుట్టింది. నిదానంగా, గుండ్రంగా చుట్టింది. తర్వాత గోడకున్న చిన్న తలుపులు ఎత్తి పెట్టలని బయటి గడ్డిలోకి వదిలింది.

చావుల లెక్క మాత్రం ఆవిడ ఏనాడూ తప్పు రాయలేదు. అది ఆవిడ పట్టుదల.

గుడ్ల బుట్టలతో వెళ్ళేసరికి సాల్వు గుడ్ల మీద ముద్ర కొడుతున్నాడు. నలభై దాటిన మనిషి, తండ్రి పోలిక, తండ్రి గొంతు. జూజాతో చుట్టరికం ఏమీ లేదు. మాల్టా దీవి నుంచి వచ్చిన వీళ్ళలో పెద్ద వయసు ఆడమనిషిని పిన్నీ అని పిలవడం మామూలే, సిడ్నీ పడమటి పొలాల్లోకి వచ్చి అరవై ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

"ఎన్ని పోయాయి పిన్నీ?"

"సున్నా."

"రెండో దాంట్లో?"

"రెండో దాంట్లోనే చెప్తున్నా. ఒకట్లోనూ సున్నానే."

సాల్వు ముద్ర కొట్టడం ఆపాడు. "రెండూ సున్నాలేనా? మరి ఒకటో షెడ్డు మేతలో ఆ ఆకుపొడి పోయించి నేను బావుకున్నదేంటి? ఏమీ పెట్టని షెడ్డు కూడా అంతే చక్కగా ఉందిగా."

జూజా బుట్ట కింద పెట్టి నడుము నిలబెట్టుకుంది. ఆ మాట అంతవరకూ ఆవిడకి తట్టలేదు. తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"చచ్చిపోతే ఏడుస్తావు, బతికితే గొణుగుతావు. మీ నాన్న నయం" అని మాత్రం అంది.

*

ఇంటికి వచ్చి రొట్టె ముక్క మీద టమాటా రుద్ది, నూనె పోసుకుని, పెరటి గుమ్మంలో కూర్చుని తింది. ఎదురుగా కంచె పొడుగునా తైమ్ మొక్కలు. లేలి తన తేనెటీగల కోసం వేసిన మొక్కలవి. ఆయన పోయాక పెట్టెలు ఎవరో పట్టుకుపోయారు, మొక్కలు మిగిలాయి. పోయిన నెల దాకా మోకాలెత్తున బూడిద రంగు గుబురులా ఉండేవి. ఇప్పుడు సగం దాకా పుల్లలు తేలాయి. జూజా కత్తెర తీసుకుని నిన్న ఆపిన చోటు నుంచి కొయ్యడం మొదలుపెట్టింది.

ఇది మొదలై రెండు వారాలు. దానికి ముందు ఒక పొద్దున రెండో షెడ్డులో ఆవిడ చచ్చిన పెట్టల్ని ఏడింటిని ఏరింది. ఒక్కోటీ బరువుగా, ఎర్రటి తురాయితో, మేత నిండిన గొంతు సంచితో. ఈ రోగం బక్కవాటిని ముట్టదు, మంచి ఊపు మీద గుడ్లు పెట్టే వాటినే ఎంచుకుంటుంది. డాక్టర్ మెరెడిత్ ఒకదాన్ని కోసి చూపించింది. కాలేయం మీద గసగసాలు చల్లినట్టు తెల్ల చుక్కలు, పక్కన పెంకు కట్టిన గుడ్డు.

"ఒకటో షెడ్డుకి తైమ్ ఆకుపొడి పెడుతున్నారు కదా డాక్టరమ్మా, మరి వీటికేం పెడుతున్నారు?" అని జూజా ఆరోజు అడిగింది.

"వీటికి ఏమీ లేదు. ఏమీ పెట్టని వాటితో పోలిస్తేనే కదా పొడి పనిచేసిందో లేదో తెలిసేది."

జూజా తల ఊపింది. అర్థం కాక ఊపింది కాదు, బాగానే అర్థమైంది. కానీ ఆ ఏడు పెట్టల్నీ గోతి దాకా మోసినవి ఆవిడ చేతులే. మర్నాడు ఆకు కోసింది. ఒకే ఫారంలో ఒక ఇంటికి మందూ ఒక ఇంటికి చావూ పంచడం ఏం న్యాయం అనుకుంది. ఆకు తనది, పెరడు తనది, ఎవరి సొమ్మూ కాదు. ఒకటో షెడ్డు ఎలాగూ ఆ వాసనే కొడుతుంది గనక తన చేతుల వాసన ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరక్కుండా రెండో షెడ్డులో సున్నాలు మొదలయ్యాయి. మొగుడు పోయాక ఈ మూడేళ్ళలో, పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉండటం ఎలా ఉంటుందో ఆవిడకి మళ్ళీ తెలిసింది.

సాల్వు అన్న మాట ముల్లులా దిగి, కొమ్మ కోస్తున్నంతసేపూ కదులుతూనే ఉంది. మధ్యాహ్నం చారు కాచుకుంది. కూరముక్కలు ఉడికించి, పైన ఒక గుడ్డు కొట్టి పోసి, జున్నుముక్క వేసేది. మాల్టా వాళ్ళు దాన్ని విధవచారు అంటారు. లేలి బతికున్నప్పుడు అది కాస్తే, "నేనింకా పోలేదే, అప్పుడే మొదలుపెట్టావా?" అని ఏడిపించేవాడు. ఇప్పుడా పేరుకి నవ్వేవాళ్ళు లేరు. మాల్టా పాటల రేడియోలో ఎవరో శ్రోతలందరికీ నమస్కారం అంటే, జూజా గరిటె పట్టుకునే "ఆఁ, నమస్కారం" అంది.

*

బుధవారం డాక్టర్ మెరెడిత్ వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, ఎండకి కమిలిన ముక్కు, ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి సూటిగా చూస్తుంది. రెండు షెడ్లలోని కాగితాలూ తీసి, బండి వెనక తలుపు మీద పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ పోయింది. సాల్వు టోపీ తీసి విసురుకుంటున్నాడు. జూజా ఖాళీ గుడ్ల అట్టలు దొంతర పెడుతూ అక్కడక్కడే తిరుగుతోంది.

"మొదట్లో తేడా బాగా ఉంది. ఆకుపొడి షెడ్డులో పదిహేడు పోతే, ఏమీ పెట్టని దాంట్లో నలభై ఒకటి పోయాయి. కానీ ఈ రెండు వారాల్లో చూడు. ఇందులో మూడు, అందులోనూ మూడే."

"అంటే?"

"పొడి పనిచేస్తే రోజులు గడిచేకొద్దీ తేడా పెరగాలి సాల్వూ. ఇక్కడ తేడానే పోయింది. రోగం దానంతట అదే వచ్చింది, దానంతట అదే పోయింది అంటారు ఎవరైనా. రెండో షెడ్డుకి పడమటి ఎండ తగులుతుంది, మొదటి చావులు దానివల్లే అని కూడా అంటారు."

"ఎవరైనా సంగతి తర్వాత, మీరేమంటారు?"

డాక్టర్ కాగితాలు మడిచింది. "నేనూ అదే అనాలి. నాకిష్టం లేదు, కానీ కాగితం ఇదే చెబుతోంది."

సాల్వు టోపీ పెట్టుకున్నాడు. ఖాళీగా పడున్న పెద్ద షెడ్డు వైపు చూశాడు. పోయిన వేసవిలో ఇదే రోగానికి అందులో పెట్టలు రాలిపోతే, నీళ్ళలో కలిపే మందు కూడా ఆపలేకపోయింది. మిగిలినవాటిని అమ్మేశాడు. ఈ ఆకుపొడి ఫలిస్తే దాంట్లో మళ్ళీ కోడిపిల్లల్ని దింపుతానని అందరితోనూ చెప్పాడు.

"సరే. ఇక చాలు. ఈ కోళ్ళ పని నాన్న చేశాడు గనక నేనూ చేశాను. ఈ పెట్టలు ఈస్టర్ దాకా ఉంటాయి, తర్వాత పంపించేస్తా. లారీలు నిలుపుకోడానికి జాగా కావాలని రెండేళ్ళ నుంచీ అడుగుతున్నారు. లారీలకి రోగాలు రావు."

"అన్నీ పంపించేస్తావా?" అంది జూజా. అట్టల దొంతర గడ్డం దాకా ఉంది.

"రెండు షెడ్లూ. నువ్వు మాత్రం ఎన్నాళ్ళు వంగుతావు పిన్నీ? హాయిగా కూర్చో."

ఎప్పటికైనా వస్తుందని భయపడిన కుర్చీ వచ్చేసింది. ఆవిడ అట్టలు కింద పెట్టి, వంకరగా ఉన్న పై అట్టని సరిచేసి, మళ్ళీ ఎత్తుకుని గదిలోకి వెళ్ళింది. నోరు విప్పితే ఇప్పుడే విప్పాలని తెలుసు. విప్పలేదు. విప్పితే ఈస్టర్ దాకా ఎందుకు, రేపటి నుంచే రావద్దంటాడు.

ఆ రోజూ మర్నాడూ ఎప్పటిలాగే ఆకు చల్లింది. కానీ చేతికి ముందటి ఆనందం లేదు. పెట్టలు ఎగబడి తింటుంటే చూస్తూ నిలబడింది. మేలు చేయబోతే కీడైనట్టు, బతికించాలని పెట్టిన పిడికెడు ఆకు ఈ ఆకు పనికిరాదని సాక్ష్యం చెప్పింది. ఇవి ఎంత బాగా బతికితే ఆ అబద్ధం అంత గట్టిపడుతుంది. రెండు షెడ్లూ లారీల పాలవుతాయి. ఆ పెద్ద షెడ్డులోకి రావలసిన పిల్లలు రావు. ఈ మాట చెప్పుకోవడానికి నాలుగు గోడలు తప్ప ఎవరున్నారు ఆవిడకి?

*

శనివారం సాయంత్రం చర్చిలో పాప సంకీర్తనానికి, ఫాదర్‌కి పాపాలు చెప్పుకోడానికి, వరసలో కూర్చుంది. ఫాదర్ ఆంజ్లుకి ఎనభై ఏళ్ళు, లేలిని పాతిపెట్టింది ఆయనే. జాలీ అవతల దగ్గి, "చెప్పు తల్లీ" అన్నాడు.

"కోళ్ళకి మేత పెట్టాను ఫాదర్."

"దొంగిలించిన మేతా?"

"కాదు. మా పెరట్లోదే."

"మరి పాపమేముంది ఇందులో?"

"పెట్టకూడని కోళ్ళకి పెట్టాను."

"పెట్టకూడదని ఎవరన్నారు?"

"డాక్టరు. కోళ్ళ డాక్టరు. ఒక షెడ్డుకి పెట్టాలి, ఇంకో దానికి పెట్టకూడదు. అప్పుడు ఏవి చస్తాయో చూస్తారు. నేను రెండో దానికీ పెట్టేశాను, అవి చావడం మానేశాయి."

ఫాదర్‌కి నవ్వాగలేదు. జాలీకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ వినిపించింది. "జూజా, నీ వెనక తొమ్మిదిమంది ఉన్నారు, ఒక్కొక్కరి దగ్గరా బస్తాడు పాపాలు. నువ్వేమో చావాల్సిన కోళ్ళని బతికించానని ఏడుస్తున్నావు. ఇలాంటివి ఇంకో నాలుగు చేసుకో, పైన పనికొస్తాయి. ఒక్క మరియమ్మ జపం చెప్పుకుని ఇంటికెళ్ళు."

జపం చెప్పుకుంది. బయట మెట్ల మీద ఎవరో పలకరించారు, బాగున్నానంది. పాపమని ఆయన ఒప్పుకుని ఉంటే క్షమించి పంపేవాడు, భారం దిగేది. పాపమే కాదని నవ్వాడు కనక అది ఆవిడ దగ్గరే ఉండిపోయింది. బస్సులో కూర్చుని చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వాము వాసన పోలేదు.

*

ఆదివారం పూజ అయ్యాక ఆవిడ ఇంటికి వెళ్ళకుండా, చర్చి బట్టల్లోనే తిన్నగా ఫారానికి వచ్చింది. సాల్వు గుడ్లు సర్దే గదిలో ఒక్కడే ఉన్నాడు. ఒక్కో గుడ్డునీ దీపం ముందు పట్టి, తిప్పి, బీటలున్నవి పక్కన పెడుతున్నాడు. జూజా చేతిసంచిలోంచి దిండు గలీబు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది పిన్నీ?"

"వాసన చూడు."

చూశాడు. "పొడా? ఒకటో షెడ్డుదా?"

"మా పెరట్లో ఆకు. లేలి వేసింది. రెండు వారాల పైనుంచీ రోజూ రెండో షెడ్డుకి పెడుతున్నాను. తవుడులో కలిపి. లెక్క మాత్రం తప్పు రాయలేదు, దేవుడి తోడు. పెట్టినదొక్కటే చెప్పలేదు."

సాల్వు చేతిలో గుడ్డు అలాగే ఉంది. దాన్ని జాగ్రత్తగా అట్టలో పెట్టి, ఇంకోటి తీసి, దీపం ముందు పట్టి, ఆ గుడ్డు వైపే చూస్తూ మాట్లాడాడు.

"బుధవారం నేను ఆ మాటలన్నీ అంటుంటే పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"లారీల వాడితో నిన్న మాట్లాడాను. చెయ్యి కలిపి వచ్చాను పిన్నీ."

"తెలీదు నాకు."

"ఇంకెవరైనా అయితే గేటు చూపించేవాణ్ణి."

"నాకూ చూపించు. వెళ్తాను. కానీ ముందు ఆ డాక్టరమ్మకి చెప్పు, ఆకు పనిచేస్తుందని చెప్పు."

సాల్వు చేతిలో గుడ్డుని అట్టలో పెట్టాడు. తర్వాత ఫోను తీసి నంబరు నొక్కి, అవతలి గొంతు ఇద్దరికీ వినపడేలా బల్ల మీద గలీబు పక్కన పెట్టాడు. "డాక్టర్, మా పిన్ని మీకో మాట చెబుతుందట. కూర్చుని వినండి" అన్నాడు.

జూజా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అవతలి గొంతులో కోపం లేదు. ఏ రోజు మొదలుపెట్టారు, రోజుకి ఎంత, ఎండబెట్టిందా పచ్చిదా, అన్నిటికీ అందిందా అని ఒక్కొక్కటే అడిగింది. కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది.

"మీరు మొదలుపెట్టిన అయిదో రోజు నుంచి తగ్గాయి జూజా గారూ" అంది చివరికి.

"అదే కదమ్మా నేను చెప్పేది. ఆకే కాపాడింది. రాసెయ్యి."

"నాకు మీ మాట చాలు. రాయడానికి చాలదు. ఆకువల్ల తగ్గిందో, రోగమే తగ్గుముఖం పట్టిందో ఎవరూ చెప్పలేరు. తేలాలంటే ఒకటే దారి. ఇంకో మూడు వారాలు రెండో షెడ్డుకి ఆకు ఆపేయాలి. ఒకటో దానికి పొడి అలాగే సాగాలి."

"ఆపేస్తే?"

"ఆకే కాపాడి ఉంటే, రెండో దాంట్లో మళ్ళీ చావులు మొదలవుతాయి. ఒకటీ రెండూ అయితే ఏమీ చెప్పలేను. పది పన్నెండు తేడా కనిపించాలి. అప్పుడు సాల్వు ఎవరికైనా చూపించగలడు, నేనూ ధైర్యంగా సంతకం పెట్టగలను. మొదలయ్యాయని తేలగానే వాటికీ పొడి పెట్టేద్దాం, మాటిస్తున్నాను."

గదిలో దీపం వేడికి ఈగ ఒకటి తిరుగుతోంది. జూజా గలీబు మూతి మడిచింది. ఇంకో మడత వేసింది. తొందరపడి పెట్టినందుకు తిట్లు తినడానికి వచ్చింది. పని పోతుందని కూడా సిద్ధపడే వచ్చింది. ఇది మాత్రం అనుకోలేదు.

సాల్వు ఫోను పెట్టేశాడు. గొంతు మారింది. "లారీల వాణ్ణి మూడు వారాలు ఆగమంటాలే. రెండో షెడ్డు నేను చూసుకుంటా పిన్నీ. నువ్వు ఒకటో దాంట్లో ఉండు. నీ కళ్ళతో చూడక్కర్లేదు."

"నువ్వు నడిస్తే గూళ్ళ కింద మూల నీకు కనిపించదు. చచ్చినది అక్కడే పడుంటే తక్కినవి పొడుచుకు తిని ఇంకో నాలుగు పోతాయి. లెక్క తప్పుతుంది."

"వంగి చూస్తాలే."

"నువ్వెక్కడ వంగుతావు, ఆ పొట్టతో" అంది జూజా. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "పెట్టింది నేను. మానేది కూడా నేనే."

*

సోమవారం ఒంటికాలి మీద నిలబడి తెల్ల బూట్లు తొడుక్కుంది. కోటు లోపల ఏమీ లేదు, పొట్ట దగ్గర వదులుగా అనిపించి మాటిమాటికీ తడుముకుంది. పెట్టలు గోల చేస్తూ వచ్చి మూగాయి. గోడ వారకి వెళ్ళి వరసగా నిలబడ్డాయి, రెండు వారాల అలవాటు. జూజా పాదాలు ఈడుస్తూ వాటి పక్క నుంచే వెళ్ళిపోయింది. ఉంగరం పెట్ట వెంటపడి వేలి మీద పొడిచింది.

"లేదే. చూడు, ఏమీ లేదు" అని రెండు అరచేతులూ విప్పి చూపించింది. అది అరచెయ్యి కూడా పొడిచి చూసుకుంది.

ఆ రోజు సున్నా. మంగళవారం సున్నా. బుధవారం సాల్వు ముద్ర కొట్టడం ఆపి తలెత్తి చూశాడు, జూజా తల అడ్డంగా ఊపింది. అతను పెదవి విరిచాడు. గురువారం కూడా సున్నాయే. చుట్టేటప్పుడు పెన్ను గట్టిగా పడి కాగితం చిరిగింది. పోయిన వారం ముద్దొచ్చిన సున్నా ఇప్పుడు కళ్ళకి ముల్లులా గుచ్చుకుంటోంది. ఇంటికి వచ్చి పెరట్లోకి పోలేదు. కోసిన పుల్లలకి అక్కడక్కడ చిగుళ్ళు వేస్తున్నాయి, కిటికీలోంచే చూసింది. గుమ్మం పక్కన రేకు డబ్బాలో నలిపిన ఆకు ఇంకా నిండుగా ఉంది. రేడియో పెట్టలేదు. ఆవిడ బతుకులో ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేదు, లేలి పోయిన వారంలో కూడా. అప్పుడు కనీసం ఏం కోరుకోవాలో తెలుసు.

శుక్రవారం ఎండ పొద్దున్నే చుర్రుమంది, పడమటి కొండలు పొగలో కనిపించడం లేదు. నీళ్ళ గొట్టం చూసింది. గుడ్లు ఏరింది. పెట్టలు గోడ దగ్గర నిలబడటం మానేశాయి, మామూలుగా మేత తొట్టి దగ్గరే ఉన్నాయి. వేలి మీద పొడిచేదేదీ రాలేదని సగం షెడ్డు దాటాక గమనించింది.

మూడో గూటి కింద, గోడ మూలకి ఆ పెట్ట చేరగిలబడి ఉంది. జూజా మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి బయటికి లాగింది. తురాయి ఎర్రగానే ఉంది. గొంతు సంచి నిండుగా ఉంది. పొట్ట కింద వేళ్ళు పెట్టి తడిమితే గట్టిగా తగిలింది, పెట్టబోయే గుడ్డు.

"అమ్మయ్య" అంది జూజా.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కాసేపటికి తెలిసింది. చుట్టూ చూసింది. విన్నవాళ్ళెవరూ లేరు, మూడువందల యాభై అయిదు పెట్టలు తప్ప. అవి వాటి పనిలో ఉన్నాయి. ఇంకా వెచ్చగా ఉన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెక్కలు సర్ది, ఎడమ చేత్తో వీపు నిమిరింది. ఉంగరం దాని ఈకల్లో చిక్కుకుంటే నెమ్మదిగా తీసుకుంది. అప్పుడు ఏడ్చింది, ఎక్కువసేపు కాదు. పని ఉంది.

లేచి, దాన్ని చంకలో పెట్టుకుని తలుపు వెనక్కి వెళ్ళింది. తారీఖు చూసుకుని, దాని పక్కన ఒకటి వేసింది. పెన్ను మూత పెట్టి కూడా అక్కడే నిలబడి ఆ అంకె వైపు చూసింది. డాక్టరమ్మకి ఒకటి చాలదు. పది కావాలంది.